గొర్రె రక్తం లేని ఏడాది

ఆ రోజు ఒక తల్లి తెలుగులో చెప్పిన మాటను నేను డాక్టరుకి హిందీలో మరోలా చెప్పాను. హిందీ రాక కాదు. రాయ్‌పూర్‌లో పుట్టి పెరిగినవాణ్ణి, నాకు కలలు కూడా సగం హిందీలోనే వస్తాయి. ఆమె మాటను ఉన్నదున్నట్టు చెబితే తప్పు నాదని తేలుతుంది. అందుకని మార్చాను. ఆమె నా పక్కనే నిలబడి ఉంది. ఆమె కూతురు పడుకోలేక, మంచం మీద కూర్చుని ఆయాసపడుతోంది.

ల్యాబుల్లో కొత్తగా చేరిన కుర్రవాళ్ళు అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి, ఉద్యోగంలో ఏం నేర్చుకున్నారో చెప్పమంటారు. ఎక్కడ మొదలుపెట్టినా నేను చివరికి ఆ మధ్యాహ్నం దగ్గరికే వస్తాను. కాబట్టి దాన్నే ముందు రాశాను. ఎప్పుడు చేరాను, ఏ హోదాలో దిగిపోయాను అన్నవి ఎవరికీ పనికిరావు.

డాక్టరు కాని డాక్టరు బాబు

మా నాన్న శ్రీకాకుళం జిల్లా నుంచి రైల్వేలో ఖలాసీగా ఇక్కడికి వచ్చాడు. నేను బీఎస్సీ చదివి ఒక పెద్దాసుపత్రి బాక్టీరియాలజీ ల్యాబులో టెక్నీషియన్‌గా చేరాను. రైల్వే కాలనీలో ఉన్న మా తెలుగువాళ్ళకి ఆసుపత్రి అంటే నేనే. ఎవరికి ఒళ్ళు వెచ్చబడినా ముందు మా గుమ్మంలోకి వచ్చేవారు. నేను వాళ్ళను ఓపీకి తీసుకెళ్ళి, వాళ్ళ బాధ హిందీలో డాక్టరుకి చెప్పి, డాక్టరు మాట తెలుగులో వాళ్ళకి చెప్పేవాణ్ణి.

కాలనీలో నన్ను డాక్టరు బాబు అనేవారు. మొదట్లో "నేను డాక్టర్ని కాదండీ" అని సర్దిచెప్పేవాణ్ణి. కొన్నాళ్ళకి ఆ సర్దిచెప్పడం మానేశాను. డాక్టరు రెండు మాటలు చెబితే నేను నాలుగు చెప్పేవాణ్ణి. పైన కలిపిన రెండూ నా సొంతం. ఉప్పు తగ్గించండి, పెరుగు పెట్టకండి, ఇలాంటివి. ఎవరికీ హాని జరగలేదు కాబట్టి నాకు వైద్యం తెలుసనే అనుకున్నాను.

గొర్రె

మా పనిలో సగం గొంతుల పనే. గొంతులో చేరే ఒక రకం స్ట్రెప్టోకాకస్ ఉంది. మైక్రోస్కోపు కింద పూసల గొలుసులా కనిపిస్తుంది. దాన్ని పట్టుకోవాలంటే, గొంతు నుంచి తీసిన నమూనాను రక్తం కలిపిన జెల్లీ పోసిన గాజు ప్లేటు మీద పెంచాలి. ఎర్రటి ప్లేటు మీద అది పెరిగినచోట చుట్టూ రక్తకణాలు కరిగి, గాజులా తేటైన వలయం ఏర్పడుతుంది. ఆ వలయమే మాకు సాక్ష్యం. గొంతు నొప్పి దానంతటదే తగ్గిపోతుంది. తల్లులు మరిచిపోతారు. కొందరు పిల్లలకి మాత్రం రెండు మూడు వారాల తర్వాత జ్వరం వచ్చి కీళ్ళు వాస్తాయి. కీళ్ళ వాపు కూడా పోతుంది. పోనిది గుండె కవాటాలకి తగిలిన దెబ్బ. ఆ జ్వరం ఒకసారి వచ్చిన పిల్లకి మళ్ళీ రాకుండా ఏళ్ళ తరబడి నెలనెలా పెన్సిలిన్ ఇంజెక్షన్ ఇవ్వాలి. మళ్ళీ వచ్చిన ప్రతిసారీ కవాటం ఇంకాస్త చెడుతుంది.

ఆ ప్లేటుకి గొర్రె రక్తం కావాలి. మా ల్యాబు వెనక రేకుల షెడ్డులో ఒక గొర్రె ఉండేది. దాని మెడ నుంచి కాస్త రక్తం తీసి, గాజుపూసలు వేసిన సీసాలో గడ్డకట్టకుండా తిప్పి వాడేవాళ్ళం. ఒక ఎండాకాలం దాన్ని మేపే మనిషి వచ్చి "భేడ్ మర్‌గే సాహెబ్" అన్నాడు. గొర్రె చచ్చిపోయింది.

కొత్త గొర్రె రాలేదు. బ్లడ్ బ్యాంకులో గడువు దాటిన రక్తం సీసాలు పారబోస్తున్నారని మా హెడ్ సాబ్ కనిపెట్టాడు. వాటిని ప్లేట్లలో పొయ్యమన్నాడు. ఆయన చెడ్డమనిషి కాదు. పొదుపు మనిషి. ఆసుపత్రుల్లో చెడ్డవాళ్ళ వల్ల జరిగిన నష్టం కన్నా పొదుపు మనుషుల వల్ల జరిగిందే ఎక్కువని నా అభిప్రాయం.

"సాబ్, మనిషి రక్తం మీద వలయం సరిగ్గా రాదు. అందులో దాత ఒంట్లోని రోగనిరోధక పదార్థాలుంటాయి, గడ్డకట్టకుండా వేసిన మందుంటుంది. ఒక్కోసారి అసలు పెరగదు కూడా" అన్నాను.

ఆయన నవ్వాడు. "రావ్ సాబ్, మనిషికొచ్చే రోగం చూడ్డానికి మనిషి రక్తం కన్నా మంచిదేముంటుంది? గొర్రెలకి గొంతు నొప్పి వచ్చినప్పుడు గొర్రె రక్తం పోద్దాం."

ల్యాబంతా నవ్వింది. నేనూ నవ్వాను. మర్నాటి నుంచి పోశాను. ఆ తర్వాత మా ప్లేట్ల మీద స్ట్రెప్టోకాకస్ కనిపించడం బాగా తగ్గిపోయింది. ఊళ్ళో గొంతులు బాగుపడ్డాయా, మా ప్లేట్లు గుడ్డివయ్యాయా అని నేను ఎవరినీ అడగలేదు. జవాబు నాకు తెలుసు కాబట్టే అడగలేదు.

ఉప్పు

దీనికి ముందే నాకు బుద్ధి రావలసింది. ఊరి చివర భన్‌పురి నుంచి ఒక లారీ డ్రైవరు వచ్చాడు. గుండె కవాటం మీద ఇన్ఫెక్షన్, ఎడతెగని జ్వరం. రక్తంలో గొలుసు బాక్టీరియా పెరిగింది. ఈ గొలుసు జాతుల్లో పేగుల్లో ఉండేది ఒకటి ఉంది. అప్పట్లో దాన్నీ స్ట్రెప్టోకాకస్ అనే అనేవాళ్ళం, తర్వాత ఎంటరోకాకస్ అని వేరే ఇంటిపేరు పెట్టారు. అది పెన్సిలిన్ ఒక్కదానికి చావదు. జోడుగా ఇంకో మందు పడాలి. రెండు జాతులను వేరు చెయ్యడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. బాగా ఉప్పు వేసిన ద్రావణంలో దాన్ని వేసి మర్నాటి దాకా ఆగాలి. పేగు జాతి ఆ ఉప్పులోనూ బతుకుతుంది. మిగతావి బతకవు.

హెడ్ సాబ్ ఆ రోజే రిపోర్టు కావాలన్నాడు. ఉప్పు పరీక్ష చెయ్యకుండానే "స్ట్రెప్టోకాకస్, పెన్సిలిన్‌కి లొంగుతుంది" అని రాసి పంపేశాను. జ్వరం తగ్గినట్టే తగ్గి తిరగబెట్టింది. రెండో మందు మొదలయ్యేసరికి కవాటం చిరిగిపోయింది. అతను పోయాక భార్య ల్యాబు కిటికీ దగ్గరికి వచ్చి, ఇంకేమైనా రిపోర్టు రావలసి ఉందా అని అడిగింది. లేదమ్మా అన్నాను.

తొందరపెట్టింది హెడ్ సాబ్ కదా అని నాకు నేను చెప్పుకున్నాను. తప్పుకి పైన ఇంకొకడుంటే కిందవాడికి హాయిగా నిద్రపడుతుంది. ఆ నిద్ర అలవాటైంది నాకు.

వరండాలో ఇచ్చిన తీర్పు

రత్నం మా కాలనీ పిల్ల. వాళ్ళ నాన్న నూకరాజు వ్యాగన్ల మరమ్మతు షాపులో ఫిట్టరు. వాళ్ళమ్మ నరసమ్మ నన్ను తమ్ముడా అనేది, రత్నం మావయ్యా అనేది. చుట్టరికం ఏమీ లేదు, ఒకే జిల్లా నుంచి వచ్చినవాళ్ళం, అంతే. పిల్లకి పదకొండో ఏట కీళ్ళ జ్వరం వచ్చింది. డాక్టర్ దూబే చూసి, గుండెలో చిన్న చప్పుడు ఉంది, పెద్దయ్యేదాకా నెలనెలా ఇంజెక్షన్ తప్పదు అన్నాడు. ఆ మాట వాళ్ళకి తెలుగులో చెప్పింది నేనే.

ఆ ఇంజెక్షన్ తెల్లగా, చిక్కగా ఉంటుంది. తుంటిలో రాయి పెట్టినట్టుంటుంది. పిల్ల రెండు రోజులు కుంటుతూ నడిచేది. ఏడాది గడిచింది. మధ్యలో గొంతు పరీక్షకి తెచ్చినప్పుడల్లా నేను ప్లేటు మీద చూసి, ఏమీ లేదని రాశాను. గొర్రె లేని ప్లేటు మీద.

మూడోసారో నాలుగోసారో రిపోర్టు తీసుకోవడానికి తల్లీ కూతురూ వచ్చారు. ల్యాబు బయట వరండాలో నరసమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"తమ్ముడా, ఈ సూదులింకెన్నాళ్ళు? ఆ తారీకు వస్తంటే పిల్ల మంచం కిందకి దూరిపోతంది. వాళ్ళ నాన్న ఈడ్చుకొస్తన్నాడు. సూడ్నేకపోతన్నాను."

రత్నం గోడకి ఆనుకుని ఉంది. "మావయ్యా, సూయీ బంద్ అని నువ్వు చెప్పీ. నువ్వు చెబితే అమ్మ వినీస్తాది" అంది.

నేను రిపోర్టు చేతిలో పెట్టి అన్నాను: "పురుగు లేదు. ఇన్నిసార్లు చూశాను, ఒక్కసారీ కనబడలేదు. ఇంక సూదులు అక్కర్లేదులే."

"దూబే సాబుని అడగొద్దా?"

"నేను చెబుతున్నాను కదక్కా."

రత్నం ఎగిరి నా నడుం పట్టుకుంది. వరండాలో జనం చూశారు. నాకు ఎంత బావుందో ఇప్పటికీ గుర్తుంది. అది రాయకపోతే ఇదంతా అబద్ధమవుతుంది.

కుర్రవాళ్ళు ఒకటి తెలుసుకోవాలి. ఇక్కడ తప్పు రక్తానిది మాత్రమే కాదు. శుభ్రమైన గొర్రె రక్తంతో పోసిన ప్లేటయినా, గొంతు నిజంగా శుభ్రంగా ఉన్నా, ఆ ఇంజెక్షన్ ఆపకూడదు. అది ఇవాళ గొంతులో ఉన్నదానికి కాదు, రేపు చేరబోయేదానికి. ఆ సంగతి అప్పట్లో నాకు సరిగ్గా తెలియదు. తెలియదన్న సంగతి కూడా తెలియదు.

నేను మార్చిన మాట

మరుసటి వానాకాలం నూకరాజు పిల్లని భుజాన వేసుకుని వచ్చి, వార్డులో చేర్చి, డ్యూటీ ఉందని వెళ్ళిపోయాడు. పిల్లకి ఈసారి కీళ్ళ బాధ కాదు, ఊపిరి ఆడటం లేదు. నన్ను పిలిపించారు, మాట చెప్పడానికి. డాక్టర్ దూబే గుండె మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నాడు. ముఖం నల్లబడింది.

"ఇంజెక్షన్ బంద్ కిస్‌నే కర్వాయా?" అన్నాడు.

నేను నరసమ్మ వైపు తిరిగాను. "సూదులు ఎవరు ఆపమన్నారని అడుగుతున్నారక్కా."

ఆమె ఆశ్చర్యంగా చూసింది. "ఎవరేటి తమ్ముడా? నువ్వే కదా సెప్పినావు."

నేను డాక్టరు వైపు తిరిగాను. "సాబ్, దర్ద్ హోతా థా. ఖుద్ హీ ఛోడ్ దియా." నొప్పి పుడుతోందని వాళ్ళే మానేశారు, అన్నాను.

దూబే సాబ్ ఆమె మీద విరుచుకుపడ్డాడు. చదువూ సంధ్యా లేని మనుషులు, నొప్పికి భయపడి పిల్లని చంపుకుంటారు, నువ్వు తల్లివేనా అన్నాడు. వార్డంతా విన్నది. నరసమ్మ తల వంచుకుంది. నేను ఆ తిట్లన్నిటినీ కలిపి తెలుగులో ఒక్క ముక్క చెప్పాను: "ఇకమీద మానొద్దంటున్నారు." రత్నం నా వైపే చూస్తోంది. ఆ పిల్లకి బడిలో చదువు హిందీలోనే. ప్రతి మాటా అర్థమైంది.

రెండు ప్లేట్లు

ఇంట్లో చిన్నపిల్లకి, రత్నం చెల్లెలికి కూడా ఆ వారంలోనే గొంతు నొప్పి అని నరసమ్మ అంది. మర్నాడు పొద్దున్నే మాంసం కొట్టు దగ్గర నిలబడి, గాజుపూసల సీసాలో గొర్రె రక్తం పట్టించుకుని వచ్చాను. రెండు ప్లేట్లు పోశాను, ఒకటి దాంతో, ఒకటి బ్లడ్ బ్యాంకు సీసాతో. చిన్నపిల్ల గొంతు నుంచి తీసిన నమూనా రెండింటి మీదా గీశాను.

తర్వాతి రోజు తీసి వెలుతురులో పట్టుకున్నాను. గొర్రె రక్తం ప్లేటు నిండా తేటైన వలయాలు. చిల్లులు పడ్డ ఎర్రచీరలా ఉంది. రెండోదాని మీద మసక. ఉందంటే ఉంది, లేదంటే లేదు. ఏడాదిగా నేను 'లేదు' అంటూ వచ్చాను.

చిన్నపిల్లకి మందు రాయించాను. ప్లేట్లు మాత్రం ఎవరికీ చూపించలేదు. మరిగే నీళ్ళలో వేసి కడిగించేశాను. నోరు తెరిస్తే ఉద్యోగం పోతుందేమో అనుకున్నానని తర్వాత చాలామందికి చెప్పాను. నిజానికి ఉద్యోగం గురించి భయపడలేదు. కాలనీలో తల ఎత్తుకోలేనేమో అని భయపడ్డాను. వానాకాలం వెళ్ళేదాకా అలాగే ఉన్నాను. ఆ నెలల్లో కూడా మా ల్యాబు నుంచి గుడ్డి రిపోర్టులు వెళుతూనే ఉన్నాయి, వాటి మీద నా సంతకం ఉంది.

రత్నం వార్డు నుంచి ఇంటికి వెళ్ళింది. కొన్నాళ్ళకి నరసమ్మ ల్యాబుకొచ్చింది. "తమ్ముడా, పిల్లని బడికి పంపొచ్చా? నీళ్ళ బిందె మొయ్యనియ్యొచ్చా?" అని అడిగింది.

అంత జరిగాక కూడా నన్నే అడిగింది. బల్ల మీద కూర్చుని చెప్పేశాను. గొర్రె సంగతి, ప్లేటు సంగతి, చివరికి డాక్టరు ముందు నేను మార్చిన మాట సంగతి.

ఆమె విని, "తెలుసు" అంది.

"ఏం తెలుసు?"

"నువ్వు మార్చి సెప్పినావని. డాక్టర్ల హిందీ నాకు రాదు గాని, తిట్ల హిందీ రాదేటి? ఇన్నేళ్ళ నుంచి ఈ ఊళ్ళో కూరలు ఏ బాసలో బేరమాడతన్నాననుకున్నావు?"

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదక్కా?"

"ఏటని సెప్పీది? అంతమంది ముందర నిన్ను తక్కువ సేస్తే, రేపు మనోళ్ళు ఎవుళ్ళని పట్టుకుని ఆసుపత్రికొస్తారు? నా పిల్ల బతుకు ఎలగూ పోయింది. మిగతావోళ్ళకైనా నువ్వుండాల కదా." కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఇప్పుడు సెప్పు. బిందె మొయ్యనియ్యొచ్చా, లేదా?"

"నాకు తెలీదక్కా" అన్నాను. "పద, దూబే సాబుని అడుగుదాం."

ఆయన గదిలో ఆమె ముందే అంతా హిందీలో చెప్పాను. దూబే సాబ్ కుర్చీలోంచి లేచి నరసమ్మకి చేతులు జోడించాడు. తర్వాత నాతో నెమ్మదిగా అన్నాడు: "రావ్, గొంతు శుభ్రంగా ఉన్నా అది ఆపకూడదు. నా విద్యార్థులకి కూడా తెలుసు. వచ్చి నన్ను ఒక్క మాట అడగడానికి ఏమైంది?"

"అడిగితే నేను డాక్టర్ని కానని వాళ్ళకి తెలిసిపోతుంది సాబ్."

ఆయన నరసమ్మ వైపు తిరిగి, పిల్లని బడికి పంపండి, బిందె మాత్రం మొయ్యనివ్వకండి అన్నాడు. నన్ను తిట్టినా బాగుండేది.

రత్నం గుండెలో బిగుసుకుపోయిన కవాటాన్ని తర్వాత నాగపూర్‌లో ఆపరేషన్ చేసి తెరిచారు. ఇప్పుడు ముప్ఫై దాటింది. ఇంట్లో కుట్టుపని చేస్తుంది. రెండు మెట్లెక్కి ఆగుతుంది. పెళ్ళి వద్దంది, పిల్లల్ని కనే గుండె కాదని డాక్టర్లు చెప్పాక. ఎదురుపడితే మాట్లాడుతుంది, మర్యాదగానే. మావయ్యా అని మాత్రం పిలవదు. రావుగారూ అంటుంది.

తర్వాత చేసినది

దూబే సాబ్ పట్టుబడితే ల్యాబుకి రెండు గొర్రెలొచ్చాయి. హెడ్ సాబ్ నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశాడు. "ఇకనుంచి సరిగ్గా చెయ్యి, చాలు. పాత రిపోర్టుల గురించి బయట మాట్లాడకు. ఆసుపత్రి పరువు" అన్నాడు.

మొదటిసారి ఆయన మాట వినలేదు. గొర్రె లేని కాలంలో గొంతు పరీక్ష చేసిన పిల్లల చిరునామాలు రాసుకుని, సెలవు దొరికినప్పుడల్లా సైకిలెక్కాను. ముందు మా కాలనీ. ప్రతి ఇంటికీ వెళ్ళి, నేనిచ్చిన రిపోర్టు నమ్మకండి, పిల్లని మళ్ళీ చూపించండి అన్నాను. ఒక ఇంట్లో టీ ఇచ్చారు. ఒక ఇంట్లో తలుపు ముఖం మీద వేశారు. "డాక్టరు బాబు ఇప్పుడు కంపౌండరైపోనాడేటి!" అని వీధి అరుగు మీద నవ్వారు. ఆ నవ్వు నాకు దక్కవలసిందే. మా వాళ్ళు ఆసుపత్రికి నా వెంట రావడం చాలా తగ్గిపోయింది. నరసమ్మ భయపడ్డదే జరిగింది, అదీ నా ఖాతాలోనే.

తర్వాత భన్‌పురి, ఉర్లా. కొందరు ఇల్లు మారిపోయారు. ఒక గుమ్మంలో ఒక తండ్రి, పిల్లాడు పోయిన చలికాలం పోయాడని చెప్పాడు. ఏ జబ్బుతో అని అడిగాను. ఊపిరాడక అన్నాడు. నా రిపోర్టు వల్లనా అనేది నాకు ఎప్పటికీ తెలియదు. అతనికి మాత్రం చెప్పాను, అయ్యుండచ్చని. అతను కొట్టలేదు. కొట్టి ఉంటే ఇద్దరికీ కాస్త సులువయ్యేది.

చివరికి తిల్దా మిగిలింది. పాసింజరు బండిలో వెళ్ళాను. రైస్ మిల్లు వెనక వరసలో ఒక గది. అందులో ఉండేది మిల్లులో బస్తాలు కుట్టే ఒక ఛత్తీస్‌గఢీ ఆడమనిషి, ఒంటినిండా తవుడు. నేను వచ్చిన పని చెప్పాను. ఆమె చేతులు దులుపుకుని, నన్ను కింద నుంచి పైకి చూసింది.

"గల్తీ కాకర్ రిహిస్?" అంది. తప్పు ఎవరిది?

మిల్లు చప్పుడులో దానికి చాలా జవాబులున్నాయి. గొర్రె చచ్చిపోయింది. హెడ్ సాబ్ పోయమన్నాడు. దాతల రక్తం అలాంటిది.

"మోర్" అన్నాను. నాదే.

ఆమె లోపలికి తిరిగి కూతుర్ని పిలిచింది. పిల్ల వచ్చి గడపలో వెలుతురు పడేచోట నిలబడింది. నేను ఆ గడప ముందు మోకాళ్ళ మీద కూర్చుని, సంచీలోంచి దూది పుల్ల తీసి, నోరు తెరవమన్నాను.